రెండు సెంటీమీటర్ల లోతు: లేజర్ బండి కొలతల్లోంచి రోడ్డు ఎలా తేలుతుంది

నవంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి నెల్లూరు మీద రెండు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసినప్పుడు ఊరి రోడ్లన్నీ ఒకే తీరుగా మునగవు. ఒక వీధిలో వాన వెలిసిన అరగంటకే తారు ఆరిపోతుంది. దానికి ఆనుకుని ఉన్న వీధిలో మర్నాడు మధ్యాహ్నం దాకా నీళ్లు నిలిచే ఉంటాయి. మాగుంట లేఅవుట్, రామలింగాపురం రైల్వే అండర్‌బ్రిడ్జిల్లో నీళ్లు చేరితే ఎవరికీ ఆశ్చర్యం ఉండదు, అవి పల్లంలోకి తవ్వి కట్టినవే. చదునుగా, బాగానే వేసినట్టు కనిపించే పెద్ద రోడ్డు మీద, సరిగ్గా లారీల చక్రాలు నడిచే జాడల్లోనో డివైడరు పక్కనో నీళ్లు ఎందుకు ఆగిపోతున్నాయన్నదే తేలికగా జవాబు దొరకని ప్రశ్న. అక్కడున్న తేడా ఒకటి రెండు సెంటీమీటర్లు మాత్రమే. ఆ తేడా కంటికి ఆనదు, బండి నడిపేవారి నడుముకు కూడా తెలియదు, నీటికి మాత్రం తెలుస్తుంది.

ఈ తేడాను కొలవడానికి రోడ్ల ఇంజనీర్ల చేతిలో చాలాకాలంగా ఉన్న సాధనం ఆటో లెవెల్ అనే దుర్భిణి, దానికి తోడు స్టాఫ్ అనే అంకెలు గీసిన కొలకర్ర. రోడ్డు పొడవునా ఇరవై, ఇరవై అయిదు మీటర్లకు ఒకచోట ఆగి, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా అయిదారు చోట్ల స్టాఫ్ నిలబెట్టి ఎత్తులు రాసుకుంటారు. ఒక్కొక్క ఎత్తు మిల్లీమీటర్లలో నమ్మదగినదే. అయితే ఆగిన రెండు చోట్ల నడుమ ఏముందో ఆ లెవెల్ పుస్తకానికి తెలియదు. అక్కడ రోడ్డు తాడు కట్టినట్టు తిన్నగా ఉందని అనుకోవడమే. పైగా పదహారో నంబరు జాతీయ రహదారి మీద, చెన్నై నుంచి కోల్‌కతా దాకా పోయే లారీల నడుమ, స్టాఫ్ పట్టుకుని ఒక మనిషిని నిలబెట్టడమంటే ఆ మనిషి ప్రాణాన్ని పందెం ఒడ్డడమే.

అందుకే లేజర్ బండి వచ్చింది. మామూలు జీపు లాంటి బండి పైకప్పు మీద ఒకటో రెండో లేజర్ స్కానర్లు, ఉపగ్రహ సంకేతాలు అందుకునే యాంటెన్నా, బండి ఊగడాన్నీ ఒరగడాన్నీ క్షణక్షణం నమోదు చేసే జడత్వ పరికరం, వెనక చక్రానికి తిరుగుళ్లు లెక్కపెట్టే మీటరు, చుట్టూ కెమెరాలు బిగించి ఉంటాయి. ఎక్కడా ఆగకుండా, ట్రాఫిక్‌తో పాటే సాగిపోతూ ఇది రోడ్డును కొలుస్తుంది. ఈ బండి ఒకసారి పోయి వస్తే రోడ్డు ఉపరితలమంతా కంప్యూటర్లోకి దిగిపోతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. బండి తెచ్చేది కోట్ల కొద్దీ బిందువులను. వాటిలో ఏది రోడ్డు, ఏది కాదు, ఏ ఎత్తుపల్లం నిజమైనది, ఏది కొలతలో దొర్లిన దోషం అని ఒక్కొక్కటే తేల్చుకుంటూ పోగా చివరికి మిగిలేది ఉపరితల నమూనా. ముఖ్యంగా నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరమైదానం లాంటి చదును నేలలో, బిందువులు ఎన్ని ఉన్నాయన్నదానికన్నా వాటి ఎత్తును ఎంతవరకు నమ్మవచ్చన్నదే పెద్ద ప్రశ్న అవుతుంది.

ఒక బిందువు పుట్టే తీరు

స్కానర్ ఒక కాంతి స్పందనను వదులుతుంది. అది రోడ్డును తాకి వెనక్కి వచ్చేదాకా పట్టిన కాలాన్ని కొలుస్తుంది. కాంతి సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి, రానూపోనూ లెక్కలో ఒక నానోసెకను, అంటే సెకనులో నూరు కోట్లో వంతు, 15 సెంటీమీటర్ల దూరానికి సమానం. దూరాన్ని 5 మిల్లీమీటర్ల వరకు తేల్చాలంటే అందులోనూ ముప్పయ్యో వంతు కాలాన్ని పట్టుకోవాలి. ఆ పని చేసే గడియారాలు నేడు మామూలైపోయాయి. దూరం ఒక్కటే చాలదు, ఆ క్షణంలో స్కానర్‌లోని తిరిగే అద్దం ఏ కోణంలో ఉందో కూడా నమోదవుతుంది. దూరం, కోణం, ఆ క్షణంలో బండి ఉన్న చోటు, అది ఒరిగి ఉన్న తీరు, ఇవన్నీ కలిస్తేనే ఒక బిందువుకు చిరునామా దొరుకుతుంది.

ఇక్కడ కొంత అంకెలతో పోదాం, ఎందుకంటే ఈ విషయంలో చిక్కంతా అంకెల్లోనే ఉంది. సెకనుకు పది లక్షల స్పందనలు వదిలే స్కానర్‌లో అద్దం సెకనుకు 200 సార్లు తిరుగుతుందనుకోండి. ఒక్కొక్క తిరుగుడుకు 5,000 బిందువులు పడతాయి. అది రోడ్డుకు అడ్డంగా ఒక వరుస. బండి గంటకు 36 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 10 మీటర్లు పోతుంటే, వరుసకూ వరుసకూ మధ్య 5 సెంటీమీటర్ల ఎడం ఉంటుంది. వేగం రెట్టింపైతే ఎడమూ రెట్టింపవుతుంది. వరుసలోపల లెక్క వేరు. స్కానర్ నేలకు రెండున్నర మీటర్ల ఎత్తున ఉంటే, సరిగ్గా దాని కింద బిందువుల మధ్య ఎడం 3 మిల్లీమీటర్లు. అదే వరుసలో పక్కకు పది మీటర్ల దూరం పోయేసరికి, కాంతి రోడ్డును దాదాపు జారుతూ తాకుతుంది కాబట్టి, ఆ ఎడం 5 సెంటీమీటర్లకు పైగా అవుతుంది. స్కానర్ కింద సెంటీమీటరు వెడల్పున్న కాంతిచుక్క అంత దూరాన నాలుగు సెంటీమీటర్ల పొడవున సాగి, తన కింద ఉన్న కంకర రాళ్లన్నిటి ఎత్తునూ కలిపి ఒకే సంఖ్యగా చెబుతుంది. అంటే ఒకే బండి, ఒకే ప్రయాణంలో తన లేన్‌ను చాలా వివరంగానూ, అవతలి లేన్‌ను చాలా మసకగానూ చూస్తుంది. నాలుగు వరుసల రహదారిలో డివైడరు అవతల రోడ్డును ఇటునుంచి కొలిచామని చెప్పడం, వీధి చివరి నుంచి మనిషి ముఖం చూశామనడం లాంటిది. రెండు వైపులా బండి నడపవలసిందే.

రోడ్డు రంగు కూడా అడ్డం వస్తుంది. కొత్తగా వేసిన నల్లటి తారు కాంతిని తాగేస్తుంది, తిరిగి వచ్చేది తక్కువ, కాబట్టి దూరం కొలతలో చెదరు ఎక్కువ. తెల్ల గీతల మీద పడిన బిందువులు స్పష్టంగా ఉంటాయి. తడి రోడ్డు అద్దంలా కాంతిని అవతలికి జార్చేయడం వల్ల నీళ్లు నిలిచినచోట బిందువులే పడవు. అంతకన్నా ప్రమాదకరమైనది ఇంకొకటుంది: నీటి మీద పడి ప్రతిఫలించిన కాంతి పక్కనున్న లారీని తాకి అదే దారిలో వెనక్కి వస్తే, స్కానర్ దానిని తిన్నగా కిందికి పోయి వచ్చిన కాంతిగా లెక్కగట్టి, రోడ్డుకు రెండు మూడు అడుగుల లోతున ఒక బిందువును చూపిస్తుంది. అందుకే ఈశాన్య రుతుపవనాలు ముగిసి రోడ్లు ఆరిన తర్వాతే, జనవరి నుంచి మే లోపల, మన ప్రాంతంలో ఈ సర్వేకు మంచి అదను. ఆ అదనులో ఇంకో చిక్కు ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

బండి ఏ ఎత్తులో ఉంది

స్కానర్ దూరాన్ని ఎంత నిక్కచ్చిగా కొలిచినా, బండి ఎక్కడుందో తెలియకపోతే ఆ కొలత గాలిలో దీపమే. ఉపగ్రహాల సంకేతాలను, తెలిసిన చోట స్థిరంగా ఉన్న మరో రిసీవర్ సంకేతాలతో పోల్చి సవరిస్తే, పటం మీద బండి స్థానం ఒకటి రెండు సెంటీమీటర్లలో దొరుకుతుంది. భారత సర్వే శాఖ దేశమంతటా నెలకొల్పిన నిరంతర రిఫరెన్స్ స్టేషన్లు ఇందుకు పనికివస్తాయి. ఎత్తు మాత్రం అంత బాగా దొరకదు, మంచి పరిస్థితుల్లోనూ రెండు మూడు సెంటీమీటర్ల అనుమానం ఉంటుంది. కారణం సులభం. పటం మీది స్థానానికి అన్ని దిక్కుల నుంచీ ఉపగ్రహాలు సాక్ష్యం చెబుతాయి. ఎత్తుకు మాత్రం పైనుంచే సాక్ష్యం, కిందినుంచి చెప్పే ఉపగ్రహం ఉండదు.

మన అక్షాంశాల్లో దీనికి ఇంకొక ఇబ్బంది తోడవుతుంది. భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల్లో సూర్యుడు గుంకిన తర్వాత కొన్ని గంటలపాటు అయనోవరణం అలజడిగా ఉండి, ఉపగ్రహ సంకేతాలు మిణుకుమిణుకుమంటాయి. మార్చి, సెప్టెంబరు నెలల చుట్టూ ఇది మరీ ఎక్కువ. ట్రాఫిక్ పలచబడిందని రాత్రి ఎనిమిదికి బండి తీయడం కన్నా, తెల్లవారుజామున నాలుగుకు తీయడం మేలు.

రెండు మూడు సెంటీమీటర్ల అనుమానం అన్నాను. మనం వెతుకుతున్న పల్లం కూడా అంతే లోతు. అయితే మొత్తం ప్రయత్నమే వృథా కదా అనిపించవచ్చు. కాదు. ఈ దోషం బిందువు బిందువుకూ ఎగిరెగిరి పడదు, మెల్లగా, పదుల సెకన్ల మీద మారుతుంది. దోషం వల్ల రోడ్డు ముక్క మొత్తం ఒక పళ్లెంలా పైకో కిందికో కదులుతుంది తప్ప, పళ్లెంలోని గీతలు చెరిగిపోవు. లారీ చక్రాల జాడ ఎంత లోతుందో తెలుసుకోవాలంటే ఒక్క అడ్డు వరుస చాలు, ఆ వరుస సెకనులో 200వ వంతులో పూర్తయింది. అంత కాసేపట్లో బండి ఎత్తు మారిందా లేదా అన్న ప్రశ్నే రాదు. ఒక్కొక్క బిందువులో 5 మిల్లీమీటర్ల చెదరు ఉన్నా, దగ్గరి నూరు బిందువుల సగటు తీస్తే, వాటి దోషాలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైనంత మేరకు, ఆ చెదరు పదో వంతుకు తగ్గిపోతుంది. కాబట్టి పక్కపక్క బిందువుల మధ్య తేడాను నమ్మడం ఒకటి, సముద్ర మట్టం నుంచి ఆ బిందువు ఎత్తును నమ్మడం మరొకటి. నాణ్యత ఎంత అని అడిగినప్పుడు ఒకే సంఖ్య చెప్పేవారు ఈ రెంటినీ కలిపేస్తున్నారు. నేను చూసిన తగాదాల్లో చాలావాటికి మూలం ఈ కలగలుపే.

ఎక్కడ ఏది కావాలి? జాడల లోతుకు, గుంతలకు, పగుళ్లకు మొదటిది చాలు. నీరు ఎటు పోతుందో తెలియాలంటే రెండోది తప్పదు. తీరం వెంబడి రోడ్డుకు పొడవు వాలు చాలాచోట్ల వెయ్యికి ఒకటి కూడా ఉండదు. నూరు మీటర్లకు పది సెంటీమీటర్లు అనుకుంటే, అందులో మూడు సెంటీమీటర్ల దోషమంటే మూడో వంతు అబద్ధం. నీరు తూము వైపు పోతోందో, తూమునుంచి వెనక్కి వస్తోందో అన్నది కూడా అంత చిన్న అబద్ధంతో తారుమారు కాగలదు.

బండి ఒకే రోడ్డు మీద వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ కొలిచిన రెండు పొరలు ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చోకపోవడం ఈ దోషానికి కంటికి కనిపించే రూపం. ఒక పొర మూడు సెంటీమీటర్ల పైన తేలుతుంది. సాఫ్ట్‌వేర్‌కు వదిలేస్తే రెంటినీ సగటు చేసి మందమైన, మసకబారిన రోడ్డును ఇస్తుంది, లేదా రెండు ప్రయాణాలు కలిసిన గీత దగ్గర లేని మెట్టును సృష్టిస్తుంది. దీనికి మందు పాతదే: రోడ్డు అంచున కొన్ని వందల మీటర్లకొకటి చొప్పున తెల్ల రంగుతో గుర్తులు వేసి, వాటి ఎత్తును ఆటో లెవెల్‌తో తెచ్చి, బిందువుల పొరలను ఆ గుర్తులకు కట్టిపడేయడం. లేజర్ బండి వచ్చింది కదా అని ఆటో లెవెల్‌ను అటక ఎక్కించిన పని ఏదీ ఈ చదును నేలలో నిలవదని నా నమ్మకం. లక్షల బిందువులకు బలం ఆ పాతిక గుర్తుల నుంచే వస్తుంది.

రైల్వే అండర్‌బ్రిడ్జి దగ్గర ఈ కథంతా ఒక్కచోట కనిపిస్తుంది. ఊరిలో ఎత్తు అన్నిటికన్నా ముఖ్యమైన చోటు అదే, నీళ్లు చేరేది అక్కడే. సరిగ్గా అక్కడే తలమీద వంతెన అడ్డం వచ్చి ఉపగ్రహాలు మాయమవుతాయి. అప్పుడు బండిని నడిపించేది జడత్వ పరికరం. త్వరణాన్ని కొలిచి, దానినుంచి వేగాన్ని, వేగం నుంచి దూరాన్ని లెక్కకట్టే ఈ పద్ధతిలో చిన్న దోషం కూడా కాలం గడిచేకొద్దీ పెరుగుతూ పోతుంది. అర నిమిషం సంకేతం లేకపోతే ఖరీదైన పరికరం సెంటీమీటర్లలో, చౌక పరికరం అడుగుల్లో తప్పుతుంది. 1960లో రుడాల్ఫ్ కాల్మన్ ప్రతిపాదించిన వడపోత పద్ధతితో, ఉపగ్రహాల మాటనూ జడత్వ పరికరం మాటనూ వాటి వాటి నమ్మకం కొద్దీ తూకం వేసి కలుపుతారు. ఆఫీసుకు వచ్చాక అదే లెక్కను వెనకనుంచి ముందుకు మళ్లీ నడిపి, వంతెనకు ఇటూ అటూ ఉన్న సాక్ష్యంతో నడుమనున్న చీకటిని సరిచేస్తారు. వంతెన కింద ట్రాఫిక్‌లో బండి ఇరుక్కుపోతే డ్రైవరు కంగారు పడనక్కరలేదు. పూర్తిగా ఆగిన బండికి వేగం సున్నా అన్నది లెక్కకు ఒక గట్టి సాక్ష్యం, పరికరం అక్కడ తన దోషాన్ని తానే దిద్దుకుంటుంది.

ఎత్తు గురించి ఇంకొక మాట చెప్పకుండా ముందుకు పోలేను, ఎందుకంటే కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలు మొదట బిత్తరపోయేది ఇక్కడే. మైపాడు బీచ్‌లో అలల పక్కన నిలబడి ఉపగ్రహ రిసీవర్ చూస్తే, ఎత్తు సున్నా చూపించదు, మైనస్ ఎనభై మీటర్లకు పైగా చూపిస్తుంది. పరికరం చెడిపోలేదు. ఉపగ్రహాలు ఎత్తును భూమికి బదులుగా ఊహించుకున్న నున్నటి గణిత తలం నుంచి కొలుస్తాయి. నీరు ఎత్తును గురుత్వం ప్రకారం చూసుకుంటుంది. భారత ద్వీపకల్పానికి దక్షిణాన సముద్రంలో గురుత్వం బలహీనంగా ఉన్న ఒక పెద్ద ప్రాంతం ఉంది, అక్కడ సముద్ర మట్టం ఆ గణిత తలానికి సుమారు 106 మీటర్ల దిగువన ఉంటుంది. సముద్ర మట్టంలో ప్రపంచంలోకెల్లా లోతైన పల్లం అదే, దాని ఛాయ మన తీరం మీదా పడింది. తేడా అంతటా ఒకేలా ఉంటే తీసివేస్తే సరిపోయేది. నెల్లూరు నుంచి ఒంగోలు పోయేసరికి ఆ తేడా కొన్ని మీటర్లు మారుతుంది. ఆ సవరణ లేకుండా తీసిన పొడవు వాలును పట్టుకుని కాలువ కడితే, కాగితం మీద పల్లానికి పోయే నీరు నేల మీద ఎదురెక్కవలసి వస్తుంది. 2021 నవంబరు వరదలో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి కోతకు గురై రాకపోకలు ఆగిపోయినప్పుడు అడగవలసిన ప్రశ్న, నది నీటిమట్టానికి రోడ్డు ఎంత ఎత్తున ఉందనేది. నీటిమట్టం గురుత్వం లెక్కలో ఉండి, రోడ్డు ఎత్తు ఉపగ్రహం లెక్కలో ఉంటే ఆ రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టడానికే వీల్లేదు.

బిందువుల్లోంచి రోడ్డును ఏరడం

కిలోమీటరు రోడ్డుకు, పైన అనుకున్న వేగంలో, పది కోట్ల స్పందనలు. ఆకాశంలోకి పోయినవి తీసేసినా మిగిలినవాటిలో లారీలు, ఆటోలు, చెట్ల కొమ్మలు, కరెంటు తీగలు, రోడ్డు దాటుతున్న గేదెలు అన్నీ ఉంటాయి. నేలను ఏరడానికి తోచే మొదటి ఉపాయం, ప్రతి చిన్న గడిలోనూ అన్నిటికన్నా కింద ఉన్న బిందువును తీసుకోవడం. నీటి అద్దం వల్ల రోడ్డు కింద పుట్టిన దొంగ బిందువుల సంగతి గుర్తుంటే ఆ ఉపాయం ఎందుకు కూడదో తెలుస్తుంది. దానికన్నా, ఒక్కొక్క అడ్డు వరుసను తీసుకుని, బండి చక్రాల పక్కనుంచి మొదలుపెట్టి ఇరుపక్కలకూ నున్నగా సాగినంత దూరం సాగి, హఠాత్తుగా ఎత్తు ఎగిరినచోట ఆగడం మేలు. పట్టణంలో కర్బు రాయి దగ్గర ఆ ఎగురుడు చక్కగా దొరుకుతుంది. పల్లె రోడ్డుకు కర్బు ఎక్కడిది? తారు అంచు విరిగి, మట్టి మార్జిన్‌లోకి, గడ్డిలోకి కలిసిపోతుంది. కొడవలూరు, విడవలూరు వైపు రొయ్యల చెరువుల మధ్య గట్టు లాంటి రోడ్ల మీద అంచు విరగడమే అసలు జబ్బు, దానిని కొలవాలని పోయినప్పుడు అంచు ఎక్కడుందో తేలకపోవడమే పెద్ద సమస్య. అక్కడ ఎత్తు తేడాతో పాటు తిరిగి వచ్చిన కాంతి బలాన్ని కూడా చూడాలి, తారుకూ మట్టికీ అది వేరుగా ఉంటుంది.

సర్వేకు మంచి అదనులోనే ఇంకో చిక్కు ఉందన్నాను. అదేమిటంటే, రోడ్లు ఆరిన ఆ నెలల్లోనే నెల్లూరు డెల్టాలో వరి కోతలు. కోసిన వడ్లు ఆరబోయడానికి రైతుకు కళ్లం లేదు, ఉన్న చదును రోడ్డే. నాలుగైదు సెంటీమీటర్ల మందాన, పారతో నున్నగా నెరిపిన వడ్ల పొర స్కానర్‌కు రోడ్డులాగే కనిపిస్తుంది. దాని అంచు మెల్లగా పలచబడుతుంది కాబట్టి హఠాత్తుగా ఎగిరే చోటంటూ ఉండదు. లారీనీ గేదెనూ ఏరి పారేసే ప్రోగ్రాము ఈ పొరను ఏరలేదు. ప్రకాశంలో ఆరబెట్టిన మిరపకాయలు గరుకుగా ఉండి కొంత పట్టుబడతాయి, వడ్లు పట్టుబడవు. కెమెరా ఫొటోలు పక్కన పెట్టుకుని మనిషి కూర్చుని చూడవలసిందే.

ఏ ప్రశ్నకు ఏ ఉపరితలం

శుభ్రం చేసిన బిందువులను ఉపరితలంగా మార్చడానికి రకరకాల దారులున్నాయి. బిందువులను త్రిభుజాలతో కుట్టుకుంటూ పోవడం ఒకటి. సన్నటి చీలిక ముక్కలు రాకుండా వీలైనంత నిండైన త్రిభుజాలు వచ్చేటట్టు కుట్టే పద్ధతి బోరిస్ డెలోనే 1934లో చెప్పినదే. ఇది ఉన్న బిందువులన్నిటినీ గౌరవిస్తుంది, దోషాలను కూడా. రోడ్డును చదరపు గడులుగా విభజించి ఒక్కొక్క గడికి ఒక్క ఎత్తు ఇవ్వడం మరొకటి. ఇందులో గడి ఎంత పెద్దదన్నదే సర్వస్వం. ముప్పై సెంటీమీటర్ల వెడల్పు, అయిదు సెంటీమీటర్ల లోతు ఉన్న గుంత అర మీటరు గడిలో సగటై ఒక సెంటీమీటరు పల్లంగా మిగులుతుంది. ఆ గుంత పూడ్చడానికి ఎంత మిశ్రమం కావాలన్న లెక్క మాత్రం చెడదు, ఘనపరిమాణం సగటులో భద్రంగానే ఉంటుంది. ద్విచక్ర వాహనం పడిపోవడానికి కారణమైన లోతు మాత్రం కనిపించకుండా పోతుంది. అదే గడి ఒక ప్రశ్నకు సరైన జవాబు, ఇంకో ప్రశ్నకు అబద్ధం.

మూడో దారి నాకు అన్నిటికన్నా నచ్చినది. ఉత్తర దక్షిణాలకు అనుగుణంగా గడులు గీయకుండా, రోడ్డు నడిమి గీతను వెన్నెముకగా తీసుకుని, దాని వెంబడి ఎంత దూరం వచ్చాం, దానికి ఎడమకో కుడికో ఎంత జరిగాం అన్న రెండు లెక్కలతో చాపలా పరచడం. రోడ్డు వంపు తిరిగితే చాప కూడా వంపు తిరుగుతుంది. కార్ల తయారీదారులు టైర్ల మీద పడే బరువును కంప్యూటర్లో పరీక్షించడానికి వాడే ఓపెన్‌సీఆర్‌జీ అన్న నమూనా ఈ కోవలోదే. చక్రాల జాడలు రోడ్డు వెంబడే పోతాయి కాబట్టి ఈ చాపలో అవి తిన్నటి గీతలుగా కనిపిస్తాయి, ఎక్కడ లోతు పెరిగిందో ఒక్క చూపులో తెలుస్తుంది. చీమకుర్తి గ్రానైటు దిమ్మెలు మోసే లారీలు, కృష్ణపట్నం రేవు నుంచి బొగ్గు మోసే లారీలు నిండు బరువుతో పోయే వైపునకూ, ఖాళీగా తిరిగివచ్చే వైపునకూ తేడాను చూడాలంటే ఇంతకన్నా మంచి పటం లేదు.

జాడ లోతు ఒక్కటే నీటి సంగతి చెప్పదు. నాలుగు వరుసల రహదారిలో ఒక్కొక్క వైపు రోడ్డు అడ్డంగా 2.5 శాతం వాలుతో బయటికి దిగుతుందనుకోండి. చక్రం జాడ వెడల్పు 80 సెంటీమీటర్లు, నడుమ లోతు 2 సెంటీమీటర్లు. జాడ నడిమినుంచి దిగువ గట్టుకు 40 సెంటీమీటర్లు; ఆ దూరంలో వాలు వల్ల రోడ్డు ఒక సెంటీమీటరు దిగుతుంది. కాబట్టి జాడలో నిలిచే నీరు రెండు సెంటీమీటర్లు కాదు, ఒక్కటే. అదే రోడ్డుకు ఒకదానిమీద ఒకటి అతుకులు వేయడం వల్ల క్యాంబర్, అంటే ఆ అడ్డం వాలు, పోయి ఒక శాతానికి పడిపోతే, అదే జాడలో 1.6 సెంటీమీటర్లు నిలుస్తుంది. జాడ మారలేదు, నీరు పెరిగింది. జాడ లోతుల పట్టిక ఒక్కటే చూసి ఏ రోడ్డుకు ముందు మరమ్మతు అని నిర్ణయించడం ఇందుకే సరికాదు. లోతునూ వాలునూ ఒకే నమూనాలోంచి కలిపి చదవాలి.

ప్రయాణంలో కుదుపు ఇంకొక ప్రశ్న. అంతర్జాతీయ గరుకుదన సూచిక, అందరూ ఐఆర్ఐ అనేది, 1982లో ప్రపంచ బ్యాంకు బ్రెజిల్‌లో జరిపించిన ప్రయోగాల నుంచి పుట్టింది. రోడ్డు పొడవు కోత మీద ఒక ఊహా చక్రాన్ని గంటకు 80 కిలోమీటర్ల వేగంతో నడిపి, దాని స్ప్రింగు కిలోమీటరుకు ఎన్ని మీటర్లు కదిలిందో లెక్కకడతారు. సుమారు ఒకటిన్నర మీటర్ల నుంచి ముప్పై మీటర్ల పొడవున్న అలలే ఈ సూచికను కదిలిస్తాయి. ప్రకాశం జిల్లాలో నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు కుంగడం వల్ల తారు పగలకపోయినా రోడ్డు అలలు తేరుతుంది. ఆ అలలు సరిగ్గా ఈ పొడవుల్లోనే ఉంటాయి. జాతీయ రహదారుల మీద తిరిగే నెట్‌వర్క్ సర్వే బండ్లు కూడా లేజర్లతోనే ఈ సూచికను తీస్తాయి, కానీ వాటికి రోడ్డు సముద్ర మట్టానికి ఎంత ఎత్తున ఉందో అక్కరలేదు. బండి కదలికను తీసివేసి మిగిలిన హెచ్చుతగ్గులే వాటికి చాలు. ఆ పనిలో అవి మన లేజర్ బండికన్నా సూక్ష్మమైనవి. వాన నీరు ఎటు పోతుందో తేల్చడానికి మాత్రం వాటి కొలత పనికిరాదు. ప్రశ్న మారితే అల పొడవు కూడా మారుతుంది: 2022 డిసెంబరులో వాయుసేన విమానాలు ట్రయల్ రన్ చేసిన కొరిశపాడు దగ్గరి రహదారి రన్‌వే మీద, కారుకు తెలియని పొడవాటి అలలు అంతకు కొన్ని రెట్ల వేగంతో దిగే విమానాన్ని కుదిపేస్తాయి.

డబ్బు సంగతికి వస్తే లెక్క చిన్నది, ఫలితం పెద్దది. ఏడు మీటర్ల వెడల్పు రోడ్డు మీద కొత్త పొర వేయడానికి మిశ్రమం ఎంతో తేల్చేటప్పుడు నమూనా మొత్తం ఒక సెంటీమీటరు పైకో కిందికో జరిగి ఉంటే, కిలోమీటరుకు 70 ఘనపు మీటర్లు, అంటే సుమారు 165 టన్నుల మిశ్రమం తేడా వస్తుంది. జాడల లోతు అద్భుతంగా చూపించిన నమూనా కూడా ఈ పరీక్షలో తప్పవచ్చు.

నమూనా సరిగ్గా ఉందో లేదో చూడడానికి, కట్టిపడేయడానికి వాడని మరికొన్ని గుర్తుల ఎత్తులను లెవెల్‌తో తెచ్చి పోల్చడం విధి. నేను దానికి తోడు వానను కూడా వాడుతాను. నమూనా మీద కంప్యూటర్లో నీళ్లు పోసి, ఎక్కడెక్కడ ఎంత వెడల్పున నిలుస్తాయో గీయించి, ఆ కాగితం పట్టుకుని అక్టోబరులో మొదటి గట్టి వాన వెలిసిన గంటకు రోడ్డు మీదికి పోవడం, నిలిచిన నీళ్ల అంచు వెంబడి సుద్దతో గీత గీసి ఫొటోలు తీసుకోవడం. కోవూరు వైపు ఒక చిన్న రోడ్డు మీద అలా చూసినప్పుడు నమూనా చెప్పిన పదకొండు మడుగుల్లో పది దాదాపు గీసినచోటే ఉన్నాయి. పదకొండోది, అన్నిటికన్నా పెద్దది, లేనే లేదు. అక్కడ తారు శుభ్రంగా ఆరి ఉంది, నీరంతా సాఫీగా కాలువలోకి పోతోంది. ఆఫీసుకు వచ్చి ఏప్రిల్ నాటి ఫొటోలు మళ్లీ తెరిచాం. ఆ మడుగుకు దిగువన, రోడ్డుకు సగం వెడల్పున, ముప్పై అడుగుల మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఆ పొరను మా నమూనా రోడ్డుగా నమ్మి, నీటికి అడ్డంగా నాలుగు సెంటీమీటర్ల కట్ట కట్టింది.